నీటిమట్టం లేని పక్షుల లెక్క: చిట్టమూరు తీర చిత్తడి నేలలపై ఒక పరిశీలన

సమశీతోష్ణ దేశాల పక్షిశాస్త్ర గ్రంథాలలో వసంతకాలమంటే మంచు కరిగి నదులు పొంగే కాలం. ముంపునేలలు నిండి, వలస పక్షులు తిరిగివచ్చే ఆ వేళే పరిశీలనకు అనువైనదని అవి చెబుతాయి. చిట్టమూరు మండలంలో ఈ క్రమం తలకిందులవుతుంది. ఇక్కడ నీరు నిండేది ఈశాన్య రుతుపవనాల వల్ల, అక్టోబరు నుండి డిసెంబరు వరకు. ఫాల్గుణ, చైత్ర మాసాలు వచ్చేసరికి చెరువులు అడుగంటుతాయి. పులికాట్ సరస్సు ఉత్తరపు కొసన బురదనేల బయటపడుతుంది. గ్రంథంలోని క్రమాన్ని యథాతథంగా అనుసరించిన విద్యార్థి నీరు నిండిన నెలల్లో పక్షులు తగ్గాయనీ, ఎండే నెలల్లో పెరిగాయనీ నమోదు చేసే ప్రమాదం ఉంది. ఆ రెండు నిర్ధారణలూ తప్పు కావచ్చు.

2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరేవరకు చిట్టమూరు నెల్లూరు జిల్లాలోనిది. దేశంలో చిలికా తరువాత పెద్దదైన ఉప్పునీటి సరస్సు పులికాట్ తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రం, చిట్టమూరు, వాకాడు మండలాల అంచులను తాకుతుంది. కాళంగి నది సూళ్లూరుపేట మీదుగా వచ్చి ఇందులో కలుస్తుంది. స్వర్ణముఖి నాయుడుపేట దాటి వాకాడు వైపు సాగి బంగాళాఖాతం చేరుతుంది. 2015, 2021 నవంబరు నెలల వంటి భారీ వర్షాల సమయాల్లో చెరువుల కలుజులు పొర్లి, పొలానికీ చెరువుకూ మధ్య గట్టు తప్ప వేరే హద్దు కనిపించదు.

సరస్సు నిండుగా ఉన్నప్పుడు దాని విస్తీర్ణం సుమారు 450 చదరపు కిలోమీటర్లు, తగ్గినప్పుడు సుమారు 250. ఉదాహరణకు 9,000 పక్షులు ఉన్నాయనుకుంటే, నిండు నీటిలో చదరపు కిలోమీటరుకు 20 చొప్పున, తగ్గిన నీటిలో 36 చొప్పున కనిపిస్తాయి. ఒక్క పక్షి కూడా పెరగకుండానే ఒడ్డున నిలిచిన వ్యక్తికి మంద దాదాపు రెట్టింపైనట్లు తోస్తుంది. దీనికి లోతు ప్రభావం తోడవుతుంది. చిన్న ఉల్లంకి పిట్టలు మేయగలిగేది 5 సెంటీమీటర్ల లోపు నీటిలోనే. తలకిందులై మేసే సూదితోక బాతు వంటి వాటికి 30 సెంటీమీటర్ల వరకు అనుకూలం. పొడవైన కాళ్లున్న ఫ్లెమింగో అంతకన్నా లోతుకు దిగగలదు. డిసెంబరులో ఉల్లంకులు కనిపించకపోతే అవి రాలేదని కాదు, నిలిచి మేసే చోటు ఇంకా తేలలేదని అర్థం కావచ్చు. 1987లో మొదలై ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొనేవారు నీటిమట్టాన్ని కూడా రాసుకోకపోతే, వరద ఏటి అంకెను కరవు ఏటి అంకెతో పోల్చడం నిష్ప్రయోజనం.

ఇది లెక్కల సమస్య మాత్రమే అయితే వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తలకు అంతగా పట్టదు. అసలు చిక్కు చెరువు తూము దగ్గర ఉంది. సమీపంలోని నేలపట్టు 1976 నుండి పక్షుల రక్షిత కేంద్రం. అక్కడి చెరువులో నీటి మధ్య నిలిచిన కడప చెట్లపై గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు గూళ్లు కడతాయి. చెట్టు చుట్టూ నీరున్నంతకాలం నక్కలు, కుక్కలు, అడవిపిల్లులు గూటిని సులభంగా చేరలేవు. గూడబాతు గుడ్లు పొదగడానికి సుమారు ఒక నెల, పిల్లలు ఎగరడానికి మరి మూడు నెలలు లేదా అంతకుమించి పడుతుంది. నవంబరులో గుడ్లు పెడితే మార్చి వరకు నీరు నిలవాలి.

వరి పంటకాలం కూడా ఇంచుమించు ఇంతే. నెల్లూరు మసూరిగా పేరొందిన ఎన్‌ఎల్‌ఆర్ 34449 సుమారు 120 నుండి 125 రోజుల రకం. పక్షీ, పైరూ ఒకే వర్షంతో మొదలై, ఒకే నీటిపై దాదాపు సమానమైన రోజులు ఆధారపడతాయి. తేడా చివరి పక్షంలో వస్తుంది. కోతకు 10–15 రోజుల ముందు వరి మడికి నీరు ఆపుతారు, గూటిలోని పిల్లకు ఆ వెసులుబాటు లేదు. నారు సకాలంలో పడిన ఏడు తూము ముందుగా మూసుకుంటుంది, చెరువులో కొంత నీరు మిగులుతుంది. నాట్లు ఆలస్యమైతే పిల్లలు ఇంకా ఎగరని రోజుల్లోనే పొలానికి చివరి తడులు కావలసి వస్తాయి. అందువల్ల గూళ్లున్న చెరువుల కింద స్వల్పకాలిక రకాలను సూచించడం, నాటు తేదీలను ముందుకు జరపడం పక్షి సంరక్షణకు కూడా పనికివచ్చే సలహాలే. రైతును పక్షుల కోసం త్యాగం చేయమనడం కన్నా ఇది ఆచరణయోగ్యం.

రైతుకు దక్కేది కూడా ఉంది. రెట్టలతో నత్రజని, భాస్వరం చెరువు నీటిలో చేరతాయి. తమిళనాడులోని వేడంతాంగల్ గ్రామస్థులు ఈ ప్రయోజనాన్ని గుర్తించే 18వ శతాబ్దం చివరలోనే కలెక్టరు నుండి పక్షుల రక్షణకు హామీపత్రం పొందారు. అయితే నీటి పరీక్ష లేకుండా ఎరువు మోతాదు తగ్గించమని సూచించరాదు. నత్తగుల్ల కొంగ పొలంలోని నత్తలను ఏరి తింటుంది, నీలి బొల్లికోడి మాత్రం వరి దుబ్బులను కొరికి నష్టపరుస్తుంది. రైతు “పక్షులు పాడుచేశాయి” అన్నప్పుడు ఏ పక్షి అని ముందుగా అడగాలి.

క్షేత్ర పరిశీలనకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. తూము గోడకు సెంటీమీటర్ల గీతలున్న కొలబద్ద బిగించి వారానికొకసారి, అదే రోజు, అదే గంటకు చదవాలి. సరస్సు ఒడ్డున లవణీయతను కూడా కొలవాలి. వర్షాలకు దాదాపు మంచినీటి స్థాయికి దిగిన సరస్సు వేసవిలో సముద్రం కన్నా ఉప్పగా మారగలదు. చిట్టమూరు వైపు ఒడ్డు పడమటిది గనుక ఉదయం సూర్యుడు ఎదురుగా ఉండి పక్షులు నల్లని ఆకారాలుగానే కనిపిస్తాయి. అక్కడ సాయంత్రం పరిశీలన మేలు. గూళ్ల దగ్గరకు వెళ్లకూడదు. తల్లి లేచిపోతే ఎండకు పిల్లలు వడలిపోతాయి, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. నమోదు పుస్తకంలో తేదీ, నీటిమట్టం, బయటపడిన బురదనేల విస్తీర్ణం, జాతి, సంఖ్య, ఎగరని పిల్లలున్న గూళ్ల సంఖ్య వరుసగా ఉండాలి. వాటి పక్కనే తూము తెరిచిన తేదీ, మూసిన తేదీ కూడా రాయాలి.