చేతిపనికి కొలత

మార్కులు వ్రాతకే గాని చేతిపనికి లేవని పలువురు తలంతురు. కుమారుని ఐ.టి.ఐ.లో చేర్పించిన తండ్రి ఆ మాట నలుగురిలో తగ్గు స్వరమున చెప్పుటయు కలదు. కాయకమును పూజగా నెంచెడి ఇండ్లలో సైతము ఈ సంకోచము కానవచ్చుట వింతయే. యంత్రవృత్తుల నభ్యసించు విద్యార్థులకు జరుగు నైపుణ్య పోటీలను చూచినవారికి అట్టి సంకోచ ముండదు.

1947లో స్పెయిన్ దేశమున నిపుణులైన పనివాండ్ర కొరత ఏర్పడగా, యువకులను వృత్తివిద్యల వైపు మరల్చుటకై జాతీయ పోటీ నెలకొల్పబడెను. 1950లో మాడ్రిడ్ నగరమున పోర్చుగల్ కూడ చేరెను. నాడు పాల్గొన్నవారు ఇరుదేశముల నుండి 12 మంది చొప్పున 24 మంది మాత్రమే. 1953లో జర్మనీ, బ్రిటన్, ఫ్రాన్సు, మొరాకో, స్విట్జర్లాండు దేశములు వచ్చి చేరినవి. అదియే నేటి వరల్డ్ స్కిల్స్ పోటీ. అభ్యర్థికి పోటీ జరుగు సంవత్సరమున 22 ఏండ్లు మించరాదు. కొన్ని వృత్తులకు 25 వరకు సడలింపు కలదు. మన దేశమున ఐ.టి.ఐ. విద్యార్థులకు అఖిల భారత పోటీలు 1964లో ఆరంభమైనవి.

ఫిట్టరు పనిని ఉదాహరణముగా గైకొనవచ్చును. విద్యార్థి ఎదుట రెండు ఇనుప పలకలు, ఒక డ్రాయింగు ఉండును. ఒక పలక రెండవదానిలో ఇమిడిపోవునట్లు ఆకురాయితో అరగదీయవలెను. చూచుటకు తేలికగా తోచు ఈ పనిలోనే చేతి గుట్టు బయటపడును. త్రోపు మొదట ఆకురాయి కొన మీది ఎడమచేతి ఒత్తిడి, చివర పిడి మీది కుడిచేతి ఒత్తిడి హెచ్చుగా నుండవలెను; నడుమ రెండును సమానము. ఇది తెలియనివాడు ఆద్యంతము ఒకే బలముతో త్రోయగా, ఆకురాయి తక్కెడ కోల వలె ఊగి పలక అంచులు అరగి నడిమి భాగము ఉబ్బి నిలుచును. మూలమట్టము నానించి వెలుతురునకెత్తి పట్టిన, సందులోని వెలుగు ఆ లోపమును తక్షణమే చూపును. పలకను త్రిప్పి మరల అమర్చినను అంతే బిగువుగా కుదురవలెను. డ్రాయింగులో అనుమతించిన సందు 0.05 మి.మీ. అయినచో, అంతకు మించిన మందము గల ఫీలర్ గేజి రేకు అందు దూరరాదు.

లేత్ మీద పనిచేయువానికి మరియొక చిక్కు కలదు. 50 మి.మీ. వ్యాసము గల ఉక్కు కడ్డీ కోతలో 30 డిగ్రీలు వేడెక్కిన, వ్యాసము సుమారు 0.017 మి.మీ. పెరుగును. వేడి మీద కొలిచి సరియైనదని సంతసించినవాని కడ్డీ చల్లారిన పిదప చిన్నదగును. న్యాయనిర్ణేత కొలుచునది చల్లారిన కడ్డీనే. తొందరపాటునకు మార్కులు పోవు తీరు ఇది.

మార్కులు వేయుట రెండు విధములు. కొలతలకు సాధారణముగా మార్కు వచ్చుటయో, రాకపోవుటయో గాని నడిమి దారి లేదు. నునుపు, అందము వంటివానికి మువ్వురు నిర్ణేతలు విడివిడిగా 0 నుండి 3 వరకు వేయుదురు. వారి అంకెల నడుమ ఒకటికి మించిన అంతరమున్న, చర్చించి మరల వేయవలెను. పరిశ్రమలో చెల్లుబాటగు పనికి దక్కునది 1 మాత్రమే యని గమనింపవలెను.

భారతదేశము ప్రపంచ పోటీలలో 2007లో జపానులోని షిజువోకా ప్రాంతమున తొలిసారి పాల్గొనెను. 2019లో కజాన్ నగరమున ఒక స్వర్ణము, ఒక రజతము, రెండు కాంస్యములు లభించినవి. 2024లో లియాన్ నగరమున వచ్చిన నాలుగు కాంస్యములలో ఒకటి ఇండస్ట్రీ 4.0 విభాగమునది.

అయినను ఒక ప్రమాదము కలదు. శిక్షకుడు పతక మాశించి చురుకైన ఒక్కని చేతికే మంచి ఆకురాళ్లు, అధిక సమయము ఇచ్చినచో, తక్కిన ఇరువది మందికి అరిగిన ఆకురాళ్లే మిగులును. ఫ్యాక్టరీలకు పనికి పోవువారు ఆ ఇరువది మందియే. పోటీ డ్రాయింగునే తరగతిలోని ప్రతివానికి ఇచ్చి, ఒకే కొలత పలకలు, ఒకే గడువు ఏర్పరచి, ఫీలర్ గేజితో సందు కొలిచి ఆ అంకెను వాని పలక మీదనే సుద్దతో వ్రాసి చూపవచ్చును. ఇందులకు వేరుగా ధనము కావలసిన పనిలేదు.