ల్యాడర్ మారలేదమ్మా

చిరంజీవి అమ్మాయికి,

కప్పగల్లు నుంచి నీ పెదనాన్న ఆశీర్వదించి రాయునది. నిన్న రాత్రి నువ్వు ఫోన్లో చెప్పిందంతా నా మనసులో తిరుగుతూనే ఉంది. ఇట్లాంటివి ఫోన్లో చెబితే సగం గాలికి పోతాయి. అందుకే కాగితం మీద పెడుతున్నాను. డ్యూటీలో చదవొద్దు, రూముకు పోయాక తీరికగా చదువు.

ఇన్నాళ్ళూ సిమాటిక్ మేనేజర్‌లో కళ్ళు మూసుకుని పని చేశావు. ఇప్పుడు మీ కన్వేయర్ లైనును నడిపే పీఎల్‌సీ ఎస్7-300 తీసేసి ఎస్7-1500 పెట్టారు, దానితోపాటే ప్రోగ్రాం రాయడానికి టీఐఏ పోర్టల్ వచ్చింది. ఒక కాంటాక్ట్ పెట్టాలన్నా వెతుక్కోవాల్సి వస్తోందనీ, షిఫ్టులో అందరి ముందూ కొత్తగా చేరినదానిలా ఉందనీ అన్నావు. తోరణగల్లు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఈ బాధ నీ ఒక్కదానిదే కాదమ్మా. రిలే ప్యానెళ్ళ నుంచి ఎస్5కు, ఎస్5 నుంచి ఎస్7కు మారినప్పుడు మా బ్యాచి అంతా ఇట్లాగే తిరిగింది.

అసలు మాట ముందే చెప్పేస్తాను. కొత్త తెరలో కనబడకుండా పోయినదాని గురించి దిగులు పడొద్దు, అది వెతికితే దొరుకుతుంది. అచ్చం పాతదానిలాగే కనబడుతూ లోపల వేరేగా నడిచేది ఒకటుంటుంది. ఆగి చూడాల్సింది దాని దగ్గర.

నా కళ్ళతో చూసింది చెబుతాను. ఎస్5లో డేటా బ్లాకును వర్డుల లెక్కన చదివేవాళ్ళం. మొదటిది డీడబ్ల్యూ 0, రెండోది డీడబ్ల్యూ 1. ఎస్7 వచ్చాక లెక్క బైట్లలోకి పోయింది. మొదటి వర్డు డీబీడబ్ల్యూ 0 అయితే రెండోది డీబీడబ్ల్యూ 2. అలవాటు కొద్దీ ఎవరైనా డీబీడబ్ల్యూ 1 అని రాస్తే అది అటు సగం, ఇటు సగం పట్టుకుంటుంది. ప్రోగ్రాం తప్పని చెప్పదు, కంపైల్ అవుతుంది, నడుస్తుంది కూడా. కౌంటు మాత్రం పిచ్చి అంకెలు చూపిస్తుంది. మెనూ దొరకలేదని విసుక్కున్నవాళ్ళు వారంలో సర్దుకున్నారు. ఈ అంకె దగ్గర పడినవాళ్ళకు నెలలు పట్టింది, ఏమంటే అక్కడ తప్పుంటుందని ఎవరికీ అనుమానమే రాలేదు.

మరి మారనిదేమిటంటావా? ల్యాడరే. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళు రిలే ప్యానెళ్ళకు బదులు ఇంకేదైనా కావాలని అడిగితే, డిక్ మోర్లీ బృందం 1969లో మోడికాన్ 084 అందించింది. ఆ పెట్టె లోపల ఉన్నది కంప్యూటరే. అయినా దానికి ప్రోగ్రాం రాసే పద్ధతి మాత్రం ఎలక్ట్రీషియన్ చేతిలో ఉండే రిలే డ్రాయింగు పోలికలోనే ఉంచారు. ఎడమ పక్క కరెంటు, కుడి పక్క కాయిల్, మధ్యలో కాంటాక్టులు. ప్యానెల్ దగ్గర పని చేసేవాడికి ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్పకుండా, వాడికి తెలిసిన బొమ్మనే తెర మీదికి తెచ్చారు. 1993లో ఐఈసీ 61131-3 ప్రమాణం వచ్చినప్పుడు కూడా ఐదు భాషల్లో ఒకటిగా ల్యాడర్‌ను నిలబెట్టుకున్నారు. ఇవాళ నీ పోర్టల్‌లో ఆన్‌లైన్ పోయి చూడు. కరెంటు పారే దారి పచ్చ గీత, పారనిది నీలం చుక్కల గీత, పాతదానిలోలాగానే. ఫీల్డులో స్టాప్ బటన్‌కు ఎన్‌సీ వైరు వేస్తే ల్యాడర్‌లో దానికి ఎన్‌ఓ కాంటాక్ట్ పెట్టాలన్న సంగతి ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు, అది నీ తలలో ఉంది. వైరు తెగితే మోటారు ఆగాలి, అందుకే అట్లా. ఆ తెలివి నీది. తెర మారితే నీ వేళ్ళ అలవాటు ఒక్కటే పోయింది, తెలివి ఎక్కడికీ పోలేదు.

ఇక తెర సంగతి, ఇది తేలికే. తెరవగానే వచ్చే పోర్టల్ వ్యూలో తచ్చాడొద్దు. కింద ఎడమ మూలలో ప్రాజెక్ట్ వ్యూ అని ఉంటుంది, అందులోకి పో. పాతదానిలో హార్డ్‌వేర్ కాన్ఫిగ్ ఒక కిటికీ, నెట్‌ప్రో ఇంకో కిటికీ, సింబల్ టేబుల్ వేరే, ల్యాడర్ ఎడిటర్ వేరే. ఇప్పుడన్నీ ఒక్క ఇంట్లోకి వచ్చాయి. ఎడమ పక్క ప్రాజెక్ట్ చెట్టు, మధ్యలో పని, కుడి పక్క ఇన్‌స్ట్రక్షన్లు, కింద ప్రాపర్టీలూ కంపైల్ తప్పులూ. ఎఫ్2 కొడితే కాంటాక్ట్ రావడం లేదన్నావు కదా, ముందు షిఫ్ట్ పట్టుకుని కొట్టు. ఎన్‌సీకి షిఫ్ట్‌తో ఎఫ్3, కాయిల్‌కు షిఫ్ట్‌తో ఎఫ్7, బ్రాంచికి ఎఫ్8, ఎఫ్9. అవే వేళ్ళు, ముందొక వేలు ఎక్కువ. రోజూ వాడే ఇన్‌స్ట్రక్షన్లను ఎడిటర్ పైనున్న ఫేవరెట్స్ వరసలోకి లాగి పెట్టుకో.

మీ లైను ప్రోగ్రామును తెరిచి దాని మీద నేర్చుకోకు. పీఎల్‌సీసిమ్‌లో ఒక మోటారు స్టార్ట్-స్టాప్ నీ అంతట నువ్వు రాయి. హోల్డింగ్ కాంటాక్ట్, ఓవర్‌లోడ్, వెనక కన్వేయర్ ఇంటర్‌లాక్, అంతే. నీకు కంఠతా వచ్చిన లాజిక్ కాబట్టి తడబడిన ప్రతిచోటా తప్పు తెరదేనని వెంటనే తెలుస్తుంది. నడుస్తోందనిపించాక ఒక్కో ఇన్‌పుట్ మార్చి చూడు. మన హిరేగుడ్డ కొండ మీద మోగే రాళ్ళు నీకు గుర్తే కదా. నల్లరాళ్ళన్నీ కంటికి ఒకటేలా ఉంటాయి, ఏది మోగుతుందో కొడితేనే తెలిసేది. ల్యాడర్‌లో ఒక్కో మెట్టు (రంగ్) కూడా అంతే, చూసి ఒప్పుకోవద్దు, ఇన్‌పుట్ ఇచ్చి చూడు.

ఇప్పుడు ఆగి చూడాల్సిన చోట్లు రెండున్నాయి.

మొదటిది డేటా బ్లాకు. ఎస్7-1500లో నువ్వు కొత్తగా చేసే బ్లాకు ఆప్టిమైజ్డ్‌గా పుడుతుంది. అందులో ఆఫ్‌సెట్ వరస ఉండదు. ఏ విలువ ఎక్కడ కూర్చోవాలో సీపీయూయే చూసుకుంటుంది, పేరుతో తప్ప అడ్రసుతో పిలిస్తే పలకదు. పాత ప్రాజెక్టు నుంచి మైగ్రేట్ చేసి తెచ్చిన బ్లాకులేమో పాత పద్ధతిలోనే ఉంటాయి. రెండు రకాలూ ఒకే చెట్టులో పక్కపక్కనే, ఒకే బొమ్మతో కనబడతాయి. మీ కంట్రోల్ రూములో పాత స్కాడా ఇంకా అడ్రసుతోనే చదువుతోందన్నావు. అది చదవాల్సిన బ్లాకుకు ప్రాపర్టీల్లో ఆప్టిమైజ్డ్ టిక్కు తీసేయాలి, సీపీయూ ప్రొటెక్షన్‌లో పుట్-గెట్ అనుమతి ఇవ్వాలి. ఈ రెండూ మరిచి కేబుళ్ళూ స్విచ్చులూ మార్చుకుంటూ కూర్చునేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ స్కాడా ఏయే బ్లాకులు చదువుతుందో ఇప్పుడే ఒక జాబితా రాసి పెట్టుకో.

రెండోది డౌన్‌లోడ్. పాతదానిలో ఒక్క బ్లాకును పట్టి పంపేసేదానివి. ఇక్కడ మార్పులన్నీ పొందికగా కలిసి పోతాయి. పంపే ముందు లోడ్ ప్రివ్యూ అని ఒక పట్టిక చూపిస్తుంది. దాన్ని వరస వరసా చదువు. స్టాప్ మాడ్యూల్స్ అని కనబడితే సీపీయూ ఆగుతుందని అర్థం. రీఇనిషియలైజ్ అని కనబడితే ఆ బ్లాకులో నడుస్తున్న విలువలు పోయి మొదటి విలువలు వచ్చి కూర్చుంటాయి. కన్వేయర్ మీద సరుకుంది, కింద బెల్టు పక్కన మనుషులుంటారు. అట్లాంటి వరస కనబడిన రోజు క్యాన్సిల్ కొట్టి, షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పి, షట్‌డౌన్‌లో పంపు. ఎవరు తొందరపెట్టినా సరే. ఈ ఒక్క విషయంలో నేను పెద్దరికం చూపిస్తున్నాననే అనుకో.

కొత్తదానిలో నాకు నచ్చిందీ ఒకటుంది. ఎస్7-300 నుంచి ప్రోగ్రాం వెనక్కి తీసుకుంటే పేర్లూ కామెంట్లూ వచ్చేవి కావు. ప్రాజెక్టు పోయిందంటే ఉత్త ఎం 10.0, ఎం 10.1 చూసుకుంటూ రాత్రంతా తలలు పట్టుకునేవాళ్ళం. ఇప్పుడు పేర్లూ కామెంట్లూ సీపీయూలోని కార్డులోనే ఉంటాయి. అడ్రసు మాత్రమే కొడితే అది ట్యాగ్_1, ట్యాగ్_2 అని తనే పేరు పెట్టేస్తుంది. వాటిని అట్లా వదిలేయకు. డ్రాయింగులో ఉన్న పరికరం నంబరుతో అప్పటికప్పుడే పేరు మార్చు. మూడో షిఫ్టులో నిద్ర లేచి వచ్చేవాడు చదువుతాడనుకుని కామెంటు రాయి.

నీ సీనియర్ సంగతి చెప్పావు చూడు, పోర్టల్ దగ్గరికే రానంటున్నాడని, అది నన్ను బాధపెట్టింది. ఆ మనిషికి ఆ లైనులో ఏ సెన్సరు వానకు తడుస్తుందో, ఏ గేటు వేసవిలో ఇరుక్కుంటుందో తెలుసు. ప్రోగ్రాములో అది ఎక్కడా రాసి ఉండదు. ఆయన రాకపోవడం మొండితనం కాదమ్మా. నీలాంటి చిన్నపిల్ల ముందు మౌస్ పట్టుకుని వెతుక్కోవాలంటే చిన్నతనంగా ఉంటుంది. నైట్ షిఫ్టులో ఎవరూ లేనప్పుడు పిలువు. "అన్నా, ఈ ఇంటర్‌లాక్ ఎందుకు పెట్టారు?" అని అడుగు. నిజంగా అడుగు, నేర్పే నెపంగా కాదు. చెబుతూ చెబుతూ ఆయనే తెర మీద వేలు పెడతాడు. అప్పుడు కుర్చీ ఆయనకిచ్చి నువ్వు పక్కన నిలబడు. ఆయన చెప్పిందంతా ఆ నెట్‌వర్క్ కామెంటులో ఎక్కించు.

పాత ల్యాప్‌టాప్ పారేయాలా అని అడిగావు. ఎందుకు పారేస్తావు? ప్లాంటులో ఎస్7-300లు ఇంకా నడుస్తున్నంత కాలం అదీ, దాని ఎంపీఐ అడాప్టరూ భద్రంగా ఉండాలి. పోర్టల్‌లో కూడా ఒక వెర్షన్‌లోకి ఎక్కించిన ప్రాజెక్టు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. అప్‌గ్రేడ్ చేసే ముందు ఆర్కైవ్ ఒకటి వేరే డిస్కులో పెట్టు, పేరులో వెర్షన్ నంబరు రాయి.

కొత్త తెరలు కొన్ని నిలబడవన్న మాటా నిజమే. 1986 నుంచి ఉన్న ల్యాబ్‌వ్యూకు 2017లో ఎన్‌ఎక్స్‌జీ అని కొత్త రూపం తెచ్చారు, 2020లో దాన్ని ఆపేస్తున్నామని ప్రకటించి పాత ల్యాబ్‌వ్యూనే కొనసాగించారు. మీ తమ్ముడు బడిలో చేసే స్క్రాచ్‌లో 2013లో స్టేజీ ఎడమకు పోయింది, 2019లో మళ్ళీ కుడికి వచ్చింది. కానీ పోర్టల్ 2010లో వచ్చింది, నీ పాత సిమాటిక్ మేనేజర్ ఎస్7-1500కు పని చేయదు. పాతది తిరిగొస్తుందని ఎదురు చూసే పని పెట్టుకోకు.

షట్‌డౌన్ తేదీ ఖాయమైతే నాకు చెప్పు. దానికి ముందొచ్చే ఆదివారం ఊరికి రా, ల్యాప్‌టాప్ మరిచిపోకు. స్కాడా జాబితా ఇద్దరం కూర్చుని ఒకసారి సరిచూద్దాం. మీ పెద్దమ్మ నీకోసం కొర్రబియ్యం తీసి పెట్టింది, సంచీ కూడా తెచ్చుకోమంది.

ఇట్లు,
నీ పెదనాన్న