ఇంట్లోనే సముద్రపు నీరు: మెరైన్ అక్వేరియం కోసం ఉప్పునీటి తయారీ

సముద్ర జలాల లక్షణాలు ఒక్కసారిగా మారిపోవు. అందుకే పగడపు దిబ్బల మధ్య బతికే చేపలకు, ఇతర జీవులకు నీటిలో హఠాత్తుగా వచ్చే మార్పులను తట్టుకునే శక్తి తక్కువ. ఇంట్లోని అక్వేరియంలో నీరు కొద్ది కాబట్టి వ్యర్థాలు త్వరగా పేరుకుపోతాయి. వారానికోసారో, రెండు వారాలకోసారో పదో వంతు నీటిని తీసి కొత్త నీరు పోయడం సాధారణ పద్ధతి. ఈ కొత్త నీరు ప్రతిసారీ ఒకేలా ఉండాలి. బకెట్‌లో ఉజ్జాయింపుగా ఉప్పు కలిపితే అది సాధ్యం కాదు. అందుకోసమే రెండు డ్రమ్ములు, ఒక పంపుతో చిన్న తయారీ కేంద్రాన్ని ఏర్పాటు చేసుకుంటారు.

వంట ఉప్పు ఎందుకు పనికిరాదు?

ఒక కిలో సముద్రపు నీటిలో సగటున 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. వీటిలో క్లోరైడ్ సుమారు 55 శాతం, సోడియం 31 శాతం. మిగతాది చాలావరకు సల్ఫేట్, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం. వంట ఉప్పు దాదాపు పూర్తిగా సోడియం క్లోరైడే. జీవులకు అవసరమైన మిగతా లవణాలు అందులో ఉండవు.

1872-76 మధ్య ఛాలెంజర్ నౌక ప్రపంచ సముద్రాల నుంచి సేకరించిన 77 నీటి నమూనాలను విలియం డిట్‌మార్ విశ్లేషించి, 1884లో ఫలితాలను ప్రచురించాడు. మొత్తం ఉప్పదనం చోటును బట్టి మారినా, ప్రధాన లవణాల మధ్య నిష్పత్తి దాదాపు స్థిరంగా ఉంటుందని ఆ విశ్లేషణ నిరూపించింది. ఆ నిష్పత్తినే అనుసరించి మెరైన్ సాల్ట్ మిశ్రమాలను తయారు చేస్తున్నారు.

తీరం దగ్గర ఉన్నవారు బీచ్ నుంచే నీరు తెచ్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. అయితే గోదావరి, కృష్ణ వంటి నదుల వరద నీరు కలిసే బంగాళాఖాతం తీరంలో వర్షాకాలంలో ఉప్పదనం బాగా తగ్గుతుంది. నగరాల దగ్గర మురుగునీరు కూడా కలుస్తుంది.

రెండు డ్రమ్ములు ఎందుకు?

మొదటి డ్రమ్ములో శుద్ధి చేసిన మంచినీరు, రెండో దానిలో ఉప్పు కలిపిన నీరు ఉంచాలి. అక్వేరియం నుంచి ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు అందులోనే మిగిలిపోతుంది. 200 లీటర్ల తొట్టెలో 10 లీటర్లు ఆవిరైతే ఉప్పదనం 35 నుంచి సుమారు 36.8కి పెరుగుతుంది. ఆవిరైన నీటి బదులు మంచినీరే పోయాలి. వ్యర్థాలతో పాటు తీసేసిన నీటి బదులు మాత్రం ఉప్పునీరు పోయాలి.

కుళాయి నీటిలోని క్లోరిన్, బోరు నీటిలోని అధిక లవణాలు రెండూ సమస్యే. ఆర్‌ఓ, ఆపై డీఅయొనైజేషన్ ఫిల్టర్ దాటిన నీటిలో టీడీఎస్ సున్నాకు దగ్గరగా ఉండాలి. ఇళ్లలోని చాలా ఆర్‌ఓ యంత్రాలు రుచి కోసం ఖనిజాలను తిరిగి కలుపుతాయి. ఆ దశకు ముందే నీటిని పట్టుకోవాలి.

అమరిక

ఆహార పదార్థాల నిల్వకు తగిన ప్లాస్టిక్ డ్రమ్ములే వాడాలి. రసాయనాలు నిల్వ చేసిన పాత డ్రమ్ములు వద్దు. పైపులు, వాల్వులు ప్లాస్టిక్‌వే ఉండాలి. ఇత్తడి, రాగి భాగాల నుంచి వెలువడే రాగి కొద్దిపాటిదైనా రొయ్యలు, నత్తల వంటి వెన్నెముక లేని జీవులకు విషమే. మొదటి డ్రమ్ము నిండగానే నీరు ఆగేలా ఫ్లోట్ వాల్వు బిగించాలి.

200 లీటర్ల ఉప్పునీరు 205 కిలోల బరువు ఉంటుంది. కాబట్టి డ్రమ్ములను నేలపైనే, ఎండ తగలని చోట ఉంచడం మంచిది. పంపు ఉన్న విద్యుత్ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. కారిన నీరు సాకెట్‌లోకి చేరకుండా, వైరు సాకెట్ కంటే కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా అమర్చాలి.

కలిపే క్రమం

ముందు నీరు, తర్వాత ఉప్పు. ఈ క్రమాన్ని తారుమారు చేయకూడదు. ఉప్పు పోసి దానిపై నీరు పోస్తే, మొదట ఏర్పడే చిక్కటి ద్రావణంలో కాల్షియం, కార్బనేట్‌తో కలిసి తెల్లటి అవక్షేపంగా మారుతుంది. తర్వాత ఎంత నీరు పోసినా అది సులభంగా కరగదు. ఆ మేరకు నీటిలో కాల్షియం, క్షారత రెండూ తగ్గిపోతాయి.

అందువల్ల డ్రమ్ములో నీరు నింపి, పంపు ఆన్ చేసి, మిశ్రమాన్ని కొద్దికొద్దిగా చల్లాలి. 100 లీటర్లకు సాధారణంగా మూడున్నర నుంచి నాలుగు కిలోల మిశ్రమం పడుతుంది. కచ్చితమైన తూకం ప్యాకెట్‌పై ఉంటుంది. నీరు తేటగా మారేవరకు, ప్యాకెట్‌పై సూచించినంతసేపు కలపాలి.

కొలత, సవరణ

ఉప్పదనాన్ని రిఫ్రాక్టోమీటర్‌తో కొలుస్తారు. 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతో దాన్ని ముందుగా సరిచూసుకోవాలి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 35 పీపీటీ నీటి సాపేక్ష సాంద్రత సుమారు 1.026. వంద లీటర్లలో 33 చూపిస్తే 200 గ్రాములకు కాస్త ఎక్కువగా మిశ్రమం కలపాలి. 37 చూపిస్తే సుమారు 6 లీటర్ల మంచినీరు పోయాలి. ఏ సవరణ అయినా డ్రమ్ములోనే జరగాలి, చేపలున్న తొట్టెలో కాదు. ఉప్పదనం, ఉష్ణోగ్రత తొట్టెలోని నీటితో సరిపోయాకే కొత్త నీటిని పోయాలి.

తొట్టెలో ఏ జీవులను ఉంచుతున్నామన్నదీ ముఖ్యమే. దిబ్బలను నిర్మించే పగడాలు, సముద్రపు గుర్రాలు మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ పొందిన జీవులు. వాటిని సముద్రం నుంచి సేకరించడం నేరం. క్లౌన్ చేపలను హేచరీలలో ఉత్పత్తి చేసే పద్ధతులను మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. హేచరీలో పుట్టిన చేపను ఎంచుకుని, దానికి స్థిరమైన నీటిని అందిస్తే అది ఏళ్ల తరబడి బతుకుతుంది. చనిపోయిన చేప స్థానంలో మరొకటి కొనాల్సిన అవసరం తగ్గుతుంది, సముద్రంపై భారమూ తగ్గుతుంది.