రక్తం మాత్ర ఎవరికి?

తాండూరు దగ్గర ఒక పల్లె. ఒక అక్క కొంగున మాత్రలు ముడి వేసుకుంది. వికారాబాద్ బస్సు కోసం నిలబడింది. ఆశా కార్యకర్త ఎదురైంది.

"ఎక్కడికక్కా?"

"మా చెల్లె కొడుకును చూడబోతున్న. వాడికి రక్తం క్యాన్సర్. మందులు వాడుతున్నరు. పాలిపోయిండు. నా రక్తం మాత్రలు వాడికిస్త."

"వద్దక్కా! నువ్వు గర్భిణివి. అవి నీకు మంచివి. ఆ బాబుకు చెడు చేయొచ్చు."

"ఒకే మాత్ర ఒకరికి మంచిది, ఒకరికి చెడ్డదా? అదెట్ల?"

ఇద్దరూ వేపచెట్టు కింద కూర్చున్నారు. ఆశా కార్యకర్త ఇలా చెప్పింది:

ఈ మాత్రలో ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఫోలిక్ యాసిడ్ ఒక విటమిన్. మన ఒళ్లు చిన్న చిన్న కణాలతో తయారైంది. కొత్త కణాలు పుట్టాలంటే ఈ విటమిన్ కావాలి. రక్తం పట్టాలన్నా, కడుపులో బిడ్డ పెరగాలన్నా ఇది కావాలి.

క్యాన్సర్ కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. వాటికీ ఈ విటమినే కావాలి. దాన్ని అందకుండా చేస్తే వాటి పెరుగుదల ఆగుతుంది.

ఈ మందు వెనుక ఒక తెలుగువాడు ఉన్నాడు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. అమెరికా వెళ్లాడు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారు చేసింది. తర్వాత దాని పనిని అడ్డుకునే మందులూ చేసింది. బోస్టన్‌లో ఫార్బర్ అనే డాక్టర్ అలాంటి మందును రక్తం క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చాడు. 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గింది. ఈ సంగతి 1948లో లోకానికి తెలిసింది. ఆ ఏడే సుబ్బారావు చనిపోయాడు. ఆ జాతి మందు మెథోట్రెక్సేట్. దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు.

"అంటే డాక్టర్ అడ్డం పెడితే, నేను తలుపు తీసినట్టా?"

"అంతే అక్కా! డాక్టర్ చెప్పకుండా ఏ మాత్రా ఇవ్వొద్దు."

"మరి క్యాన్సర్ రాకుండా మనం మాత్రలు మింగొచ్చా?"

"ఎక్కువ మింగితే క్యాన్సర్ రాదని రుజువు కాలేదు. తిండిలో ఈ విటమిన్ తక్కువ కాకుండా చూసుకోవాలి. మన తాండూరు కందిపప్పులో ఉంది. పాలకూర, తోటకూర, పెసలు, శనగల్లో ఉంది. ఆకుకూర ఎక్కువసేపు ఉడికించి నీళ్లు పారబోస్తే చాలావరకు పోతుంది."

అక్క కొంగు ముడి విప్పింది. మాత్రలు ఇంట్లో పెట్టి వచ్చింది. బాబు కోసం బత్తాయిలు కొన్నది. "ఇవి పెట్టొచ్చా అని డాక్టర్‌ను అడగమంట చెల్లెను" అంటూ బస్సెక్కింది.

ఆలోచించండి
1. అక్క మాత్రలు బాబుకు ఎందుకు ఇవ్వకూడదు?
2. నిన్న మీ ఇంట్లో ఏ పప్పు, ఏ ఆకుకూర వండారు? రాయండి.
3. మీకిచ్చిన మాత్రలు ఎప్పుడైనా వేరేవాళ్లకు ఇచ్చారా? మాట్లాడుకోండి.