తాళంచెవి చెప్పే రహస్య సంఖ్య
(బండి స్టార్టు కాకపోతే ముందు ఏం చూడాలి?)



పదో తరగతి భౌతికశాస్త్రంలో విద్యుదయస్కాంత ప్రేరణ అనే పాఠం ఉంటుంది. తీగచుట్టలో దండాయస్కాంతాన్ని ముందుకూ వెనక్కూ కదిలిస్తే గాల్వనామీటరు ముల్లు కదులుతుంది. ఈ సంగతిని 1831లో మైఖేల్ ఫారడే కనిపెట్టాడు. మనలో చాలామంది రాత్రి స్టడీ అవరులో దాన్ని బట్టీపట్టి, పరీక్షలో దించి, హాలు గేటు దాటగానే మరిచిపోతాం. ఆ పాఠమే ఇప్పుడు మన ఊళ్లలో తిరిగే కార్ల తాళంచెవుల్లో కూర్చుని ఉంది. అది సరిగా పనిచేస్తే బండి కదులుతుంది, లేకపోతే ఇంజను ఎంత బాగున్నా కదలదు.

ఈ విషయం మీద ఎందుకు రాస్తున్నానంటే, మన కల్హేర్ హాస్టలులో చదివిన అన్నల్లో స్టీరింగు పట్టి బతుకుతున్నవాళ్లు తక్కువేమీ కాదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మా చిన్నాయన కిరాయి బండి నడుపుతాడు. 2021లో దళితబంధు పథకానికి హుజూరాబాద్ తర్వాత నాలుగు మండలాలను ఎంపిక చేసినప్పుడు మనకు దగ్గర్లోని నిజాంసాగర్ కూడా వాటిలో ఉంది. కుటుంబానికి 10 లక్షల రూపాయల ఆ సాయంతో కార్లు, ట్రాక్టర్లు, సరుకుల బండ్లు తీసుకున్నవాళ్లు చాలామంది. తాతతండ్రుల నాడు ఎడ్లబండి కూడా లేని ఇంటి ముందు సొంత బండి నిలబడింది. కొందరు ఫైనాన్సులో తీసుకున్నారు. బండి తిరిగితేనే కిస్తీ కట్టగలరు. ఒక్క పూట ఆగితే కిరాయి పోతుంది. అంతకన్నా ముఖ్యం, అర్ధరాత్రి నొప్పులు వచ్చిన ఆడబిడ్డను నారాయణఖేడ్ దవాఖానకు తీసుకుపోవాలంటే 108 వచ్చేలోగా ఊళ్లో ఉన్న బండే దిక్కు. అప్పుడు తాళం తిప్పితే స్టార్టు కాకపోతే ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు.

పాత జీపులు, పాత డీజిలు బండ్లు స్టార్టు కాకపోతే మనకు తెలిసిన వైద్యం ఒక్కటే: నలుగురు దిగి నెట్టడం. అది ఆ బండ్లకు సరైన వైద్యమే. చక్రాలు తిరిగితే ఇంజను తిరుగుతుంది, ఇంజను తిరిగితే పంపు డీజిలును తోస్తుంది, బండి అందుకుంటుంది. ఇప్పటి బండ్లలో ఇంజనులోకి ఇంధనం పోవాలా వద్దా అన్నది ఈసీయూ అనే చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. అది ఒప్పుకోకపోతే ఊరంతా కలిసి నెట్టినా చుక్క ఇంధనం లోపలికి పోదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 నిబంధన వచ్చాక మోటారు సైకిళ్లు, స్కూటర్లలో కూడా ఈ కంప్యూటరు మామూలైపోయింది. కనుక నెట్టేముందు అది ఎందుకు ఒప్పుకోవడం లేదో తెలుసుకోవాలి.

అది ఒప్పుకోకపోవడానికి ఒక కారణం ఇమ్మొబిలైజరు, అంటే దొంగ చేతికి బండి కదలకుండా ఆపే ఏర్పాటు. తాళంచెవి నల్లటి ప్లాస్టిక్ తలలో బియ్యపు గింజకన్నా కాస్త పెద్దదైన చిప్ ఒకటి ఉంటుంది. దానికి బ్యాటరీ లేదు. తాళం దూర్చే రంధ్రం చుట్టూ ఒక తీగచుట్ట ఉంటుంది. తాళం ఆన్ చేయగానే అందులో సెకనుకు సుమారు 1,25,000 సార్లు ముందుకూ వెనక్కూ ఊగే విద్యుత్తు ప్రవహిస్తుంది. దాంతో చుట్టూ అయస్కాంత క్షేత్రం పుట్టి మారుతూ ఉంటుంది. చిప్‌లో ఉన్న మరో చిన్న తీగచుట్టలో ఆ మార్పు వల్ల విద్యుత్తు పుడుతుంది. ఫారడే చెప్పింది ఇదే! ఆ కొంచెం కరెంటుతోనే చిప్ మేల్కొని తన సమాధానం పంపుతుంది. ఇదంతా కొన్ని సెంటీమీటర్ల దూరంలో, కనురెప్ప పాటులో జరిగిపోతుంది. కారు అద్దానికి అంటించే ఫాస్టాగ్‌లోనూ బ్యాటరీ ఉండదు. పద్ధతి వేరైనా టోల్‌గేటు దగ్గరి యంత్రం పంపే తరంగాల శక్తితోనే అదీ పలుకుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. తాళంచెవిలో బటన్లు ఉంటే లోపల రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది. అది తలుపుల లాకు తీయడానికి, వేయడానికి. సెల్ అయిపోతే బటన్ పనిచేయదు గానీ, రంధ్రంలో దూర్చి తిప్పే తాళమైతే ఇంజను స్టార్టు కావడానికి దానితో పనిలేదు. "సెల్ మార్చినా స్టార్టు అయితలేదు" అని తలపట్టుకునేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.

చిప్ పంపే సమాధానం ఏమిటి? మన హాస్టలు వాచ్‌మన్‌నే ఉదాహరణగా తీసుకుందాం. రాత్రి గేటు తీయడానికి రోజూ ఒకే గుర్తుమాట పెట్టుకుంటే, గోడ పక్కన నిలబడి విన్న ఎవరైనా రేపు అదే మాట చెప్పి లోపలికి రావచ్చు. అలా కాకుండా వాచ్‌మన్‌కూ మీకూ మాత్రమే తెలిసిన ఒక లెక్క ఉందనుకోండి: చెప్పిన సంఖ్యను 7తో గుణించి 3 కలపాలి. అతను 12 అంటే మీరు 87 అనాలి. విన్నవాడు రేపు వచ్చి 87 అంటాడు, కానీ రేపు వాచ్‌మన్ 20 అంటాడు. ఇప్పుడు 143 చెప్పాలి! ఆ లెక్క తెలియనివాడు గేటు బయటే ఉంటాడు. తొలిరోజుల్లోని చిప్‌లు ఒకే గుర్తుమాట చెప్పేవి. తర్వాతివి ఇలా అడిగిన ప్రతిసారీ కొత్త సమాధానం లెక్కగట్టి చెబుతాయి.

ఆ లెక్కను పట్టుకోలేరా అంటే పట్టుకున్నారు. 2005లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్‌ఎస్‌ఏ ల్యాబొరేటరీస్ పరిశోధకులు అప్పట్లో ఎన్నో కార్లలో వాడిన ఒక చిప్ రహస్యాన్ని ఛేదించి చూపారు. దాని రహస్య సంఖ్య 40 బిట్లు. అంటే 2ను 40 సార్లు హెచ్చవేస్తే వచ్చేన్ని అవకాశాలు, సుమారు లక్షా పదివేల కోట్లు. మనకు అది అంతులేని సంఖ్య, కంప్యూటరుకు కాదు. అందుకే ఆ తర్వాత 128 బిట్ల రహస్యాలు వచ్చాయి. అయితే బలహీనమైన చిప్ కూడా ఏమీ లేకపోవడం కన్నా మేలు. ఐరోపాలో 1998 నుంచే కొత్త కార్లకు ఇమ్మొబిలైజరు తప్పనిసరి చేశారు. అమెరికాలో అలా చేయలేదు. అక్కడ 2011 నుంచి 2021 వరకు అమ్మిన హ్యుండయ్, కియా కార్లలో చాలావాటికి ఇది లేదు. యూఎస్‌బీ తీగ కొసతో వాటిని ఎలా స్టార్టు చేయవచ్చో చూపే వీడియోలు 2021, 2022లలో పాకిపోయి పిల్లకాయలు కూడా కార్లు ఎత్తుకుపోయారు.

సరే, మన బండి దగ్గరికి వద్దాం. తాళం తిప్పారు, స్టార్టు కాలేదు. వెంటనే బానెట్ ఎత్తకండి. డ్యాష్‌బోర్డు వైపు చూడండి, చెవి పెట్టి వినండి.

ఒక్క లైటు కూడా వెలగకపోతే నేరం తాళంచెవిది కాకపోవచ్చు. బ్యాటరీ దిగిపోయిందా, టెర్మినల్ వదులైందా, ఫ్యూజు పోయిందా చూడాలి. లైట్లు వెలిగి, సెల్ఫ్ కొడితే "టిక్ టిక్" అని మాత్రమే వస్తే అప్పుడూ బ్యాటరీనే ముందు అనుమానించాలి, తర్వాత స్టార్టరు మోటారును. సెల్ఫ్ జోరుగా తిరుగుతూ ఇంజను అందుకోకపోయినా, అందుకుని ఒకటి రెండు సెకన్లలోనే ఆగిపోయినా అప్పుడు ఇమ్మొబిలైజరు గుర్తుకు రావాలి. కొన్ని బండ్లలో అది సెల్ఫ్‌ను కూడా తిరగనివ్వదు.

మీటరులో దీనికొక దీపం ఉంటుంది. కారు బొమ్మ మీద తాళమో, తాళంచెవి బొమ్మో ఉంటుంది, కంపెనీని బట్టి మారుతుంది. బండి ఆపి లాకు వేసినప్పుడు ఆ దీపం మినుకుమినుకుమంటే భయం లేదు, కాపలా కాస్తున్నానని చెబుతోంది. తాళం ఆన్ చేశాక ఒకటి రెండు సెకన్లు వెలిగి ఆరిపోతే తాళంచెవిని గుర్తుపట్టిందని అర్థం, అప్పుడు తప్పు ఇంధనం వైపో మరోచోటో వెతకాలి. ఆన్ చేసిన తర్వాత కూడా మినుకుతూనే ఉంటే "ఈ తాళం నాది కాదు" అంటున్నట్టు. మీ బండిలో ఈ దీపం ఎలా ప్రవర్తిస్తుందో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంటుందని మనవాళ్లు డ్యాష్‌బోర్డు అరలో పడేస్తారు. ఇంట్లో చదువుకున్న తమ్ముడు ఉన్నది ఎందుకు? ఒక ఆదివారం కూర్చుని ఆ పేజీ తండ్రికో అన్నకో చదివి వినిపించండి.

దీపం మినుకుతూ ఉంటే ముందు డబ్బు ఖర్చులేని పనులు చేయాలి. తాళం ఆఫ్ చేసి బయటికి తీయండి. అదే గుత్తిలో ఇంకో బండి చిప్ తాళం ఉంటే విడదీయండి. రెండు చిప్‌లు ఒకేసారి పలికితే తీగచుట్టకు ఏదీ సరిగా వినబడదు. లావుపాటి ఇనుప రింగు, పక్కన చార్జింగులో ఉన్న ఫోను కూడా దూరం పెట్టండి. కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించండి. ఆగకుండా పదిసార్లు తిప్పడం వల్ల లాభం లేదు, పైగా బ్యాటరీ దిగుతుంది. బ్యాటరీ దిగితే సెల్ఫ్ తిరిగేటప్పుడు వోల్టేజి పడిపోయి, బాగున్న ఇమ్మొబిలైజరు కూడా తడబడుతుంది.

ఆ తర్వాత రెండో తాళంచెవి. కొత్త బండితో మామూలుగా రెండు ఇస్తారు. రెండోదానితో స్టార్టయితే తప్పు మొదటి తాళంచెవిలోనే ఉంది, ఇంజనులో ఒక్క నట్టు కూడా విప్పనక్కరలేదు. రెండింటితోనూ కాకపోతే తీగచుట్ట, దాని వైరు, ఫ్యూజు, లేదా కంప్యూటరు వైపు చూడాలి. అది స్కానరు ఉన్నవాళ్ల పని.

మా చిన్నాయనకు నారాయణఖేడ్‌లో అంగడి రోజు ఇదే జరిగింది. బండి నిండా మనుషులు, సామాను. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజను అందుకుంటుంది, ఆగిపోతుంది. నలుగురూ నెట్టారు. ఒక మెకానిక్ వచ్చి చూసి "పంపు పోయింది, బండిని వర్కుషాపుకు గుంజుకపోవాలె" అని వేలల్లో లెక్క చెప్పాడు. ఎక్కినవాళ్లు ఒక్కొక్కరే దిగి ఆటోల వైపు నడిచారు. చిన్నాయన నాకు ఫోను చేస్తే, మీటరులో ఎర్ర దీపం ఎట్లుందని అడిగాను. "కొట్టుకుంటుందిరా" అన్నాడు. ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్న రెండో తాళంచెవిని తమ్ముడు మోటారు సైకిలు మీద తీసుకుపోయాడు. ఒక్క తిప్పుకే స్టార్టయింది. విచారిస్తే తేలిందేమిటంటే, అంతకు ముందురోజే మొదటి తాళంచెవి ప్లాస్టిక్ తల పగిలిందని రోడ్డు పక్క దుకాణంలో కొత్త తల వేయించాడు. చిప్ పాత తలలోనే ఉండిపోయింది. ఆ పాత తలతో ఇంట్లో చిన్నపిల్ల ఆడుకుంటోంది! ఆడుకునే వస్తువు కనుక పారేయకుండా మిగిలింది. చిప్‌ను కొత్త తలలో పెట్టించాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. తాళంచెవి తల మార్పించేటప్పుడు పక్కనే నిలబడి చిప్ మారిందో లేదో చూసుకోవాలి.

బటన్ నొక్కి స్టార్టు చేసే బండ్లలో తాళంచెవి జేబులో ఉంటే చాలు. వాటి సంగతి కాస్త వేరు. జేబులోని కీ తన ఉనికిని చెప్పుకోవడానికి సెల్ కావాలి. సెల్ అయిపోతే "కీ లేదు" అని చూపిస్తుంది. చాలా కార్లలో కీని స్టార్టు బటన్‌కు ఆనించి పట్టుకుని, క్లచ్ లేదా బ్రేకు తొక్కి నొక్కితే స్టార్టవుతుంది. కొన్నిటిలో దానికి వేరే చోటు ఉంటుంది. అంత దగ్గరగా పెట్టినప్పుడు మళ్లీ మన ఫారడే పాఠమే పనిచేస్తుంది. తలుపు తీయడానికి కీ లోపలే చిన్న ఇనుప తాళం దాగి ఉంటుంది. 2023 జనవరిలో వచ్చిన హెచ్-స్మార్ట్ రకంతో హోండా యాక్టివా స్కూటరుకూ స్మార్ట్ కీ వచ్చింది కాబట్టి ఇది కార్లవాళ్ల ముచ్చట మాత్రమే కాదు.

కొందరు "ఈ తలనొప్పి లేకుండా చేస్తాం" అని చిప్‌ను తీగచుట్ట పక్కనే టేపువేసి శాశ్వతంగా అతికించి పెడతారు. అప్పుడు బజారులో కోయించిన ఏ ఇనుప తాళంతోనైనా బండి కదులుతుంది. దొంగకు అంతకన్నా కావలసిందేముంది? బండి పోతే బీమా కంపెనీవాళ్లు మొదట అడిగేవాటిలో రెండు తాళంచెవులూ ఉంటాయి. ఒకటి ఎప్పుడో పోయిందంటే సవాలక్ష ప్రశ్నలు వేస్తారు.

కాబట్టి సెకండుహ్యాండు బండి కొనే అన్నలు టైర్లు, ఇంజను ఎంత శ్రద్ధగా చూస్తారో, రెండు తాళంచెవులూ అంత గట్టిగా అడగాలి. ఒక్కటే ఇస్తే ఆ మేరకు ధర తగ్గించి, అది ఉండగానే రెండోది చేయించుకోవాలి. ఒక తాళం పనిచేస్తుండగా ఇంకొకటి నమోదు చేయడం తేలిక. రెండూ పోయాక చేయాలంటే కొన్ని బండ్లలో కంప్యూటరునే ముట్టుకోవలసి వస్తుంది, ఖర్చు ఎన్నోరెట్లు పెరుగుతుంది. కొత్త తాళం నమోదు చేసేటప్పుడే పాత యజమాని దగ్గర మిగిలినవేమైనా ఉంటే వాటిని జాబితా నుంచి తొలగించమని చెప్పండి. తాళాలతోపాటు అంకెలున్న చిన్న బిళ్ల ఒకటి వస్తుంది. దాన్ని బండిలో పెట్టకుండా రెండో తాళంచెవితో కలిపి ఇంట్లో దాచండి. ఎక్కడ దాచారో ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి.

– ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం), వసతి గృహ పూర్వ విద్యార్థి, కల్హేర్