నల్లోడు ఎందుకు పారిపోయాడు?

దీపావళి మర్నాడు తెల్లవారింది. కోడలు చీపురు తీసుకుని బయటికొచ్చింది. వాకిలి నిండా కాలిన కాగితం ముక్కలు. పెరట్లోకి తొంగి చూసింది. కొట్టం దగ్గర నల్లోడు లేడు. గుంజకు గొలుసు వేలాడుతోంది. గొలుసు చివర తెగిన మెడపట్టీ ఉంది. దానికి నెత్తురు అంటుకుని ఉంది.

"అత్తా! నల్లోడు తెంచుకుని పోయాడు" అని కేకేసింది.

నల్లోడు వాళ్ల కుక్క. ఆ ఇంట్లో పన్నెండు మేకలున్నాయి. మేకలే వాళ్లకు బతుకుదెరువు. రాత్రిపూట వాటికి కాపలా నల్లోడే. ఒకసారి దొంగలు వస్తే అరిచి అరిచి ఊరంతా లేపాడు. అప్పటినుంచి ఇంట్లో అందరికీ వాడంటే ప్రాణం.

పండుగ రాత్రి ఏం జరిగింది? ఇంటి ముందే పిల్లలు లక్ష్మీబాంబులు కాల్చారు. నల్లోడు అరిచాడు. గొలుసు పట్టి లాగాడు. గుంజ చుట్టూ తిరిగాడు. మామ వెళ్లి "నోర్ముయ్" అని కర్రతో ఒకటి వేశాడు. ఆ తర్వాత అందరూ పిండివంటలు తిని పడుకున్నారు.

రెండు రోజులు వెతికారు. దొరకలేదు. ఆ రెండు రాత్రులూ అత్త కర్ర పట్టుకుని మేకల పక్కనే పడుకుంది. మూడో రోజు పాలు పోసే అతను కబురు తెచ్చాడు. పక్క ఊరి దారిలో, రోడ్డు కింద తూములో ఒక నల్ల కుక్క ఉందట. కోడలు పరుగున వెళ్లింది. నల్లోడే! మెడ చుట్టూ పుండు. పాదాలు చీరుకుపోయాయి. పిలిస్తే ముందుకు రాడు. ఆమె తూము దగ్గర చాలాసేపు కూర్చుంది. మెల్లగా మాట్లాడింది. రొట్టె ముక్క చూపించింది. అప్పుడు పాక్కుంటూ బయటికొచ్చాడు.

"దొంగకు భయపడనోడు టపాకాయకు భయపడతాడా? అంతా మొండితనం" అంది అత్త.

కోడలు నల్లోణ్ణి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ పుండు కడిగి మందు వేసింది. అత్త అన్న మాట కోడలు ఆమెకు చెప్పింది.

"మొండితనం కాదమ్మా, నిజంగా భయమే" అంది డాక్టరమ్మ. "దొంగ కంటికి కనిపిస్తాడు. వాసన తెలుస్తుంది. వాడెవడో, ఎటు నుంచి వస్తున్నాడో కుక్కకు అర్థమవుతుంది. టపాకాయ అలా కాదు. ఎక్కడ పేలుతుందో తెలియదు. ఎప్పుడు పేలుతుందో తెలియదు. కరవడానికి మనిషి లేడు. ఇంక దానికి మిగిలింది పారిపోవడమే. నువ్వేమో గొలుసు వేశావు."

కుక్క చెవి మన చెవిలాంటిది కాదు. మనకు వినపడని సన్నని చప్పుడు కూడా దానికి వినపడుతుంది. చప్పుడు ఎంత సన్నగా ఉందో కొలిచే లెక్కను హెర్ట్జ్ అంటారు. మనిషికి 20,000 హెర్ట్జ్ వరకే వినపడుతుంది. కుక్కకు సుమారు 45,000 దాకా వినపడుతుంది. చప్పుడు ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క వేరే ఉంది. దాన్ని డెసిబెల్ అంటారు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట 60 డెసిబెళ్లు ఉంటుంది. టపాకాయ పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో చప్పుడు 125 డెసిబెళ్లు దాటకూడదని 1999లో ప్రభుత్వం నిబంధన పెట్టింది. 125 అన్నా తక్కువేం కాదు. మన చెవులే దిమ్మెక్కిపోతాయి. ఇంక కుక్క సంగతి చెప్పాలా?

భయపడిన కుక్క అరవాలనే లేదు. ఎండ లేకపోయినా రొప్పుతుంది. వణుకుతుంది. తోక కాళ్ల మధ్య పెట్టుకుంటుంది. చొంగ కారుస్తుంది. ఊరికే ఆవులిస్తుంది, మూతి నాక్కుంటుంది. ఇష్టమైన ముద్ద పెట్టినా ముట్టదు. ఉన్నచోటే ఉచ్చ పోసుకుంటుంది. కొన్ని మంచం కింద దూరి కదలకుండా పడుకుంటాయి. వాటిని చూసి "ఎంత బుద్ధిగా ఉందో" అనుకుంటాం. అవి కూడా భయంతోనే పడుకున్నాయి.

అందరు కుక్కలూ ఒకేలా భయపడవు. పుట్టిన మూడో వారం నుంచి మూడు నెలల లోపు రకరకాల చప్పుళ్లు మెల్లగా అలవాటైన పిల్లలు పెద్దయ్యాక తక్కువ భయపడతాయి. ఇన్నాళ్లూ భయపడని కుక్క ముసలితనంలో కొత్తగా భయపడితే మాత్రం డాక్టరుకు చూపించాలి. ఒంట్లో ఎక్కడో నొప్పి ఉండొచ్చు.

మరుసటి ఏడు కోడలు వినాయక చవితి వెళ్లగానే పని మొదలుపెట్టింది. దీపావళికి ఇంకా నెలన్నర ఉంది. డాక్టరమ్మ చెప్పినట్టే చేసింది. టపాకాయల చప్పుడు ఫోన్‌లో పెట్టింది. చాలా చిన్నగా, వినీ వినపడనట్టు పెట్టింది. చప్పుడు వచ్చిన వెంటనే నల్లోడికి ఎండుచేప ముక్క వేసింది. ఆపింది. మళ్లీ పెట్టింది, మళ్లీ ముక్క వేసింది. రోజుకు అయిదు నిమిషాలు, అంతే. నాలుగు రోజులకు చప్పుడు కొంచెం పెంచింది. నల్లోడు చెవులు వెనక్కి వాల్చి తినడం మానేశాడు. వెంటనే చప్పుడు తగ్గించింది. ఇక్కడ తొందర పనికిరాదు. ఒకేసారి గట్టిగా పెడితే చేసిందంతా పాడవుతుంది.

ఇంక దాక్కోవడానికి చోటు కావాలి. దీని మీద ఇంట్లో పెద్ద మాటలే నడిచాయి.

"లక్ష్మీపూజ నాడు కుక్కను ఇంట్లోకి రానిస్తావా? కుదరదు" అంది అత్త. "గడ్డి కొట్టంలో పెట్టు."

"తారాజువ్వ వచ్చి గడ్డి మీద పడితే అత్తా?"

అత్త మాట్లాడలేదు. కాసేపాగి పెరట్లో పనిముట్లు పెట్టే గది చూపించింది. పారలూ కొడవళ్లూ బయటికి తీశారు. కిటికీకి గోనెపట్టా కట్టారు. మూలన పాత చీర పరిచారు. పది రోజుల ముందు నుంచే నల్లోడికి అన్నం అక్కడే పెట్టారు. కుక్క ఆ చోటు తనదే అనుకోవాలి. పండుగ నాడు హఠాత్తుగా తోసి తలుపు వేస్తే అదీ ఒక జైలే అవుతుంది.

కొత్త మెడపట్టీ కొన్నారు. దాని మీద ఇంటి ఫోన్ నంబరు రాయాలి. కోడలు చేతులకు పిండి ఉంది. అత్త పెన్ను తీసుకుని పది అంకెలూ తనే రాసింది. కుక్క తప్పిపోతే దొరికినవాళ్లు ఆ నంబరుకు చెబుతారు.

పండుగ రోజు పొద్దు వాలకముందే నల్లోణ్ణి బయట తిప్పారు. పెందలాడే అన్నం పెట్టారు. చీకటి పడకముందే గదిలోకి తీసుకెళ్లారు. గొలుసు వేయలేదు. నీళ్ల గిన్నె పెట్టారు. ఫ్యాను వేశారు, రేడియో పెట్టారు. ఆ చప్పుడులో బయటి చప్పుడు కొంత మునిగిపోతుంది. కోడలు పక్కనే కూర్చుంది.

భయపడే కుక్కను దగ్గరకు తీస్తే భయం ఇంకా పెరుగుతుందని కొందరంటారు. అది నిజం కాదు. దగ్గరకు వస్తే నిమరవచ్చు. మూలకు పోయి ఒంటరిగా ఉంటానంటే ఉండనివ్వాలి. లాగకూడదు. కొట్టడం, తిట్టడం అసలు కూడదు. అప్పుడు టపాకాయతో పాటు మనిషన్నా భయం పట్టుకుంటుంది.

ఆ రాత్రి నల్లోడు వణకలేదా? వణికాడు. అన్నం కూడా సగమే తిన్నాడు. కానీ పారిపోలేదు. పొద్దున్నే మేకల దగ్గర ఉన్నాడు.

కొన్ని కుక్కలకు ఇవేవీ చాలవు. వాటికి భయం తగ్గించే మందు ఉంటుంది. పండుగకు కొన్ని రోజుల ముందే పశువుల డాక్టరును అడగాలి. మత్తుగా పడి ఉండే మందు వేరు, భయం తగ్గించే మందు వేరు. మనం తినే నిద్రబిళ్లలు, నొప్పిబిళ్లలు వేయకూడదు. ప్రాణం మీదికొస్తుంది. కొందరు కల్లో సారాయో పోస్తారు. అదీ విషమే.

వీధికుక్కకు గది లేదు, మెడపట్టీ లేదు. చప్పుడుకు బెదిరి రోడ్డు మీదికి ఉరికి బండ్ల కింద పడుతుంది. దాన్ని అరుగు కింద దూరనిస్తే చాలు, తరమకండి. కొందరు పిల్లలు తోకకు సీమటపాకాయల దండ కట్టి నవ్వుతారు. అది ఆట కాదు, నేరం. జంతువులను హింసించకూడదని 1960లోనే చట్టం వచ్చింది. దీపావళి నాడు రాత్రి 8 నుంచి 10 గంటల వరకే టపాకాయలు కాల్చాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండు గంటలంటే కుక్కే కాదు, బాలింతా పసిబిడ్డా కూడా ఓర్చుకుంటారు. ఈ మాట వీధిలో ఆడవాళ్లంతా కలిసి చెబితే మగపిల్లలు వింటారు. కాకరపువ్వొత్తులకూ మతాబులకూ చప్పుడు ఉండదు.

ఒక్క సంగతి మరవకండి. బెదిరిన కుక్క, ఎంత మంచిదైనా, మీద చెయ్యి వేస్తే కరవవచ్చు. పిల్లలను దగ్గరకు పోనివ్వకండి. కరిస్తే, గోరు గీరుకున్నా సరే, వెంటనే పంపు కిందో చెంబుతోనో నీళ్లు పోస్తూ సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు పెట్టకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. పిచ్చికుక్క రోగం వచ్చాక దాదాపు ఎవరూ బతకరు. రాకముందే సూదులు వేయించుకుంటే రాదు. ఒక్క సూదితో సరిపోదు. మళ్లీ ఎప్పుడు రావాలో ఆసుపత్రి చీటీ మీద తేదీలు రాసిస్తారు. ఇంటికి రాగానే ఆ తేదీలు చదివి, క్యాలెండరులో ఆ రోజుల చుట్టూ గీత గీసుకోండి.