కరెంటొచ్చినా లేవని సర్వీసు

చిరంజీవి మేనల్లుడికి,

పలాస నుంచి మావయ్య ఆశీస్సులు. విజయనగరం ఆఫీసులో కొత్త లినక్స్ సర్వర్ నీ చేతికిచ్చారటగా. "అన్నీ నడుస్తున్నాయి" అని మీ అమ్మతో అన్నావట. నడవడం వేరు, పడుకున్నాక మళ్లీ లేవడం వేరు రా.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఇక్కడే తీరం దాటింది. మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. నేనప్పుడు చూసే ఆఫీసుకి కరెంటు వారం దాటాక గానీ రాలేదు. వచ్చింది కదా, సర్వర్ మీద పచ్చలైటు వెలిగింది, ఫ్యాన్లు గుర్రుమన్నాయి. బిల్లింగు మాత్రం తెరుచుకోదు. కౌంటరు ముందు జనం. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కొడితే 'ఇనాక్టివ్', పక్కనే 'డిజేబుల్డ్'. ఏటి చెప్పను! అంతకు రెండేళ్ల ముందు నేనే చేత్తో స్టార్ట్ చేసి, ఎనేబుల్ చెయ్యడం మరిచాను. అన్నాళ్లూ మిషను ఆగలేదు కాబట్టి తప్పు బయటపడలేదు. పైగా, ఎన్ని రోజులుగా ఆగకుండా నడుస్తోందో అందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

స్టార్ట్ ఈ పూటకే. ఎనేబుల్ చేస్తేనే బూటయ్యేటప్పుడు లేపాల్సిన వాటిలో ఆ సర్వీసు పేరుతో ఓ లింకు పడుతుంది. 'ఎనేబుల్ --నౌ' అంటే రెండూ ఒకేసారి అయిపోతాయి. యూనిట్ ఫైలు ప్యాకేజీతో వచ్చినదైతే దాని మీద చెయ్యి వెయ్యకు, అప్‌డేట్ వస్తే నీ రాతలు పోతాయి. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో మార్చు.

ఇంకోటి. 'ఆఫ్టర్' అని రాస్తే వరస మాత్రమే కుదురుతుంది, ముందుదాన్ని అది లేపదు. లేపడానికి 'వాంట్స్' గానీ 'రిక్వైర్స్' గానీ ఉండాలి. అయినా కరెంటు పోయి వచ్చిన డేటాబేస్ తన లాగులు సరిచూసుకుని తేరుకునేసరికి కొంత టైము పడుతుంది. ఈలోగా నీ ప్రోగ్రాం తలుపు తట్టి చచ్చిపోతే? 'రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్' పెట్టానులే అనుకుంటావు. మామూలుగా సెకనులో పదోవంతు ఆగి మళ్లీ లేపుతుంది; పది సెకన్లలో ఐదుసార్లు లేపాక ఇక వల్లకాదని వదిలేస్తుంది. రీస్టార్ట్‌సెక్ ఐదు సెకన్లు పెట్టు, ఆ లెక్కకు అందకుండా ప్రయత్నిస్తూనే ఉంటుంది.

హుద్‌హుద్ తుఫాను కూడా అక్టోబర్‌లోనే వచ్చింది, 2014లో. అందుకని మీ ఊళ్లో సిరిమాను పండక్కి ముందొచ్చే ఆదివారం, ఆఫీసులో ఎవరూ లేనప్పుడు, నువ్వే రీబూట్ కొట్టి కీబోర్డు ముట్టుకోకుండా కూర్చో. ఏది లేవలేదో జర్నల్‌సీటీఎల్ -బీ చూసి నాకు ఫోన్ చెయ్యి. జీడిపప్పు మీ అమ్మకి పంపించాను, అడిగి తీసుకో.

మీ మావయ్య